మెట్ట నుంచి నేటాలుకు

ఓడ జాబితాలో ఒక మనిషికి దక్కింది ఒక్క వరుస. వలస నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివరి గడిలో ఒంటిమీది ఆనవాళ్ళు: ఎడమ భుజం మీద పుట్టుమచ్చ, మోకాలి కింద కాలిన గాయం, అలాంటివి. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన 1,52,184 మందికీ ఇదే లెక్క. వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది ఓడ ఎక్కింది మద్రాసు రేవులోనే. ఆ జాబితాల్లో జిల్లా గడిలో 'నెల్లూరు' అని కనిపించే వరుసలు చాలానే ఉన్నాయి. ఆ ఒక్క వరుసను పట్టుకునే డర్బన్ తెలుగువాళ్ళ మునిమనవలు తమ ఊరేదో వెతుక్కోవాలి.

వెతుకులాట అక్కడ మొదలైనా తేలాల్సింది ఇక్కడే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల్లోనే.

పోయినవాళ్ళు ఎందుకు పోయారో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పెన్న నీళ్ళు పారే డెల్టా ఒకవైపు, వాన మీదే బతికే మెట్ట ఒకవైపు. ఉదయగిరి దుర్గం చుట్టూ ఎర్ర నేలలు, రాళ్ళు, చిన్న చెరువులు. ఒక ఏడు వాన ముఖం చాటేస్తే పైరు పోతుంది, రెండేళ్ళు చాటేస్తే పశువులు పోతాయి, మూడో ఏడు మనుషులు కదులుతారు. 1876లో మొదలై 1878 దాకా దక్షిణాదిని కాల్చేసిన ధాత కరువు నెల్లూరు జిల్లానూ వదల్లేదు. నేటాల్‌కు కూలీల ఓడలు 1866 నుంచి కొన్నేళ్ళు ఆగిపోయి 1874లో మళ్ళీ మొదలయ్యాయి. అంటే కరువు వచ్చేసరికి ఓడ సిద్ధంగా ఉంది. అయిదేళ్ళ ఒప్పందం, నెల జీతం, బియ్యం, పప్పు ఇస్తామన్న మాట. ఆకలిగా ఉన్నవాడికి ఆ మాట చాలు.

మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో. అది 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం ఓడలు ఆగుతూ సాగుతూ వెళ్ళాయి. దిగినవాళ్ళు చెరకు తోటల్లోకి, తేయాకు తోటల్లోకి, బొగ్గు గనుల్లోకి, రైలు పనుల్లోకి చెదిరిపోయారు. ఒప్పందం తీరాక తిరిగొచ్చిన వాళ్ళు కొందరు. అక్కడే ఉండి కూరగాయలు పండించి పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఎక్కువమంది. 1931లో వాళ్ళ బిడ్డలు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ ఒక్క వరుసను దగ్గరగా చూద్దాం. వెంకటస్వామి అనే మనిషి అనుకుందాం. తండ్రి పేరు రామయ్య. వయసు ఇరవై రెండు, జిల్లా నెల్లూరు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఇంటిపేరు ఏది? ఆ జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. మద్రాసు డిపోలో గుమాస్తా అడగలేదు, మనవాడు చెప్పలేదు. తెలుగు మనిషిని వాడి ఊరికీ వంశానికీ కట్టి ఉంచే తాడు అక్కడే తెగింది. నేటాల్‌లో పుట్టిన పిల్లలకు తండ్రి పేరో, నాయుడు, రెడ్డి, చెట్టి అనే కులనామమో ఇంటిపేరుగా స్థిరపడింది. ఇవాళ దక్షిణాఫ్రికాలో వేలాది మంది నాయుడులు ఉన్నారు. వాళ్ళలో ఎవరి అసలు ఇంటిపేరు ఏమిటో చెప్పే కాగితం ఓడ జాబితాలో లేదు.

తర్వాతి చిక్కు జిల్లా. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా అంటే ఇప్పటి జిల్లా కాదు. ఒంగోలు 1904లో కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలో కలిసింది. కనిగిరి, పొదిలి, దర్శి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరువే. ఆ ఒంగోలు జిల్లానే తర్వాత ప్రకాశం అయింది. కాబట్టి జాబితాలో నెల్లూరు అని ఉంటే ఉదయగిరి అయినా కావచ్చు, దర్శి అయినా కావచ్చు. ఊరి పేరు చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాశారు. ఒకే పేరుతో ఊళ్ళు ఎన్నో. ఆత్మకూరు ఒక్కటే తీసుకోండి, నెల్లూరులోనూ ఉంది, శ్రీశైలం అడవి అంచునా ఉంది, అనంతపురం వైపూ ఉంది, తెలంగాణలోనూ ఉంది. తాలూకా గడి సరిగ్గా చదవకపోతే వెతికేవాడు వందల మైళ్ళు పక్కకు పోతాడు. ఇక సోమశిల ఆనకట్ట కట్టాక పెన్న ఎగువన కడప జిల్లా వైపు కొన్ని ఊళ్ళు నీళ్ళ కిందికే పోయాయి. అక్కడి మనిషి వారసులకు చూసుకోవడానికి ఊరే మిగల్లేదు.

స్వీడన్ చేసింది, మనం చేయనిది

ఇలాంటి వెతుకులాటే స్వీడన్ సంతతి అమెరికన్లదీ. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1930 దాకా సుమారు 13 లక్షల మంది స్వీడన్ వదిలి అమెరికా వెళ్ళారు. వాళ్ళనూ కదిలించింది కరువే, 1867 నుంచి 1869 దాకా పంటలు పోయిన కాలం. వాళ్ళకూ పేరు చిక్కే, స్వెన్ కొడుకు స్వెన్‌సన్, అతని కొడుకు మళ్ళీ వేరే పేరు. అయినా వాళ్ళు ఊరు కనుక్కోగలుగుతున్నారు. కారణం ఒకటే. స్వీడన్‌లో ప్రతి ఊరి చర్చి పాదిరి ఇంటింటికీ తిరిగి ఎవరెవరు ఉన్నారు, ఎవరు పుట్టారు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు అని పుస్తకంలో రాసుకునేవాడు. 'అమెరికా వెళ్ళాడు' అని తేదీ వేసిన వరుస అమెరికా రేవులో కాదు, సొంత ఊళ్ళోనే దొరుకుతుంది. వెక్‌షో పట్టణంలో 1968లో వలసపోయినవాళ్ళ కోసమే ఒక భవనం కట్టి ఆ చరిత్రను అందులో భద్రం చేశారు.

మనవైపు వెళ్ళినవాళ్ళ జాబితా ఉంది, ఉన్నవాళ్ళ జాబితా లేదు. రెవెన్యూ కార్యాలయాల్లో ఆర్‌.ఎస్‌.ఆర్‌., డైగ్లాట్ అనే పాత భూమి లెక్కల పుస్తకాలున్నాయి. వాటిలో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు దొరుకుతాయి. కానీ ఓడ ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది సెంటు భూమి లేనివాళ్ళు. భూమి లేనివాడికి రెవెన్యూ పుస్తకంలో చోటు లేదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఊరి పాత కాగితాలు చాలాచోట్ల చెదిరిపోయాయి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి గెలిచిన సంగతి అందరికీ తెలుసు. ఆ దుర్గం నీడన ఉన్న పల్లెల నుంచి ఎవరు సముద్రం దాటారో మాత్రం ఒక్క సంపుటమూ రాలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

రంగయ్య వెళ్ళిన దారి

ఒక్కచోట మాత్రం దారి కాస్త కనిపిస్తుంది, అది చర్చి దారి. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఫలితం లేక అమెరికాలోని వాళ్ళే దాన్ని ఒంటరి నక్షత్రం అనేవారు. ధాత కరువులో ఒంగోలు పాదిరి జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ శతాబ్దం ముగిసేలోపు ఉదయగిరి, ఆత్మకూరులోనూ మిషన్ కేంద్రాలు వెలిశాయి.

ఈ తెలుగు బాప్టిస్టుల్లో కొందరు నేటాల్ చేరారు. అక్కడ తమ భాషలో వాక్యం చెప్పేవాడు లేక సొంత ఊరి సంఘాలకు కబురు పెట్టారు. ఆ కబురందుకుని 1903లో నెల్లూరు నుంచి బయల్దేరిన మనిషి జాన్ రంగయ్య. ఆయన్ను పంపింది అమెరికా దొరలు కాదు, తెలుగు సంఘాలు తమ చందాలతో నడుపుకున్న హోం మిషనరీ సొసైటీ. ఆ ఏడు డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు కూలీలతో ఆయన మొదటి సంఘం కట్టాడు. 1915లో అక్కడే కన్నుమూశాడు.

కుటుంబ చరిత్ర వెతికేవాళ్ళకు రంగయ్య కథలో పెద్ద ఆసరా ఉంది. చర్చిలో సభ్యత్వ పుస్తకం ఉంటుంది, బాప్తిస్మం పుస్తకం ఉంటుంది. అక్కడి చర్చి పుస్తకంలోని పేరును ఇక్కడి చర్చి పుస్తకంలోని పేరుతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. సెంటు భూమి లేని మాల, మాదిగ కుటుంబాల పేర్లు కాగితం మీద మొదటిసారి ఎక్కింది చాలావరకు ఈ పుస్తకాల్లోనే. అందుకే చెదలు పట్టకముందే వాటిని ఫొటోలు తీయించి ఉంచాలి. ఇది ఒక మతం పని కాదు, జిల్లా చరిత్ర పని.

కాగితం లేనిచోట నోరు ఉంది. పిచ్చుకుంట్లవాళ్ళు రైతు కుటుంబాల గోత్రాలు, వంశాలు పాడతారు. డక్కలివాళ్ళు మాదిగల పుట్టుపూర్వోత్తరాలు చెబుతారు. ఆ పాటల్లో ఏ కుదురు ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారిందో ఉంటుంది. వినేవాళ్ళు తగ్గి పాడేవాళ్ళూ తగ్గుతున్నారు. ఇంటిపేరు అన్న తాడు మళ్ళీ దొరికే అవకాశం ఓడ జాబితాల్లో కంటే వీళ్ళ దగ్గరే ఎక్కువని నా నమ్మకం.

మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థ వలసదారుల రికార్డులను, ఫొటోలతో సహా, కాపాడుతోంది. వారసుడు అడిగితే వెతికి పెడుతుంది. ఏడో తరం భారత సంతతి మారిషస్ పౌరులకూ ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్‌లోనే ప్రకటించారు. కాబట్టి పూర్వీకుడి ఊరు తెలియడం ఇక మనసు తృప్తికి మాత్రమే కాదు, హక్కుకు కూడా ఆధారం కావచ్చు. మనవైపున అలాంటి చోటు ఒకటి నెల్లూరులో ఎందుకు ఉండకూడదు? నేటాల్, మారిషస్, ఫిజీ జాబితాల్లో నెల్లూరు అని ఉన్న వరుసలన్నీ ఏరి, తాలూకాల వారీగా, ఊళ్ళ వారీగా తెలుగులో పెడితే చాలు. ఒక విశ్వవిద్యాలయం తలచుకుంటే తీరిపోయే పని ఇది.

ఈలోపు ఈ కథనం చదువుతున్న మెట్ట ప్రాంతం వాళ్ళకు ఒక విన్నపం. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వో తాతో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. కరువులో ఊరొదిలి మద్రాసు పోయి తిరిగి రానివాళ్ళు మన కుదుర్లో ఎవరైనా ఉన్నారా అని. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, గోత్రం, ఊరు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. డర్బన్ నుంచి ఎవరైనా వచ్చి అడిగిన రోజు ఆ పుస్తకం తీసి చూపించండి.