గోదావరి మొగలో అమెరికా పేరు

చార్మినార్‌ని తీసుకెళ్లి గోదావరి సముద్రంలో కలిసేచోట నిలబెట్టామనుకుందాం. మినార్ కొసన దీపం వెలిగిస్తే ఎంత దూరం కనిపిస్తుంది? మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. మన లెక్కకు 27 తేలుతుంది. అక్కడి నుంచి భూమి వంపు అడ్డొస్తుంది కాబట్టి ఎంత పెద్ద దీపం పెట్టినా నీటిమట్టంలో ఉన్న కంటికి ఆనదు. ఓడ డెక్కు మీద నిలబడ్డవాడికి మాత్రం ఇంకొన్ని కిలోమీటర్లు కలిసొస్తాయి. ఆ 27ని 54 చేయాలంటే రెండు చార్మినార్లు చాలవు, ఒకదాని మీద ఒకటిగా నాలుగు పేర్చాలి.

విశాఖకు ఈ బాధ లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండే లైట్‌హౌస్ పని సగం చేసిపెట్టింది. గోదావరి డెల్టా తీరంలో ఆనవాలు పట్టడానికి ఒక్క గుట్టయినా లేదు. మడ అడవి, ఇసుక తిప్ప, మళ్లీ మడ అడవి. పైగా నది తెచ్చిన ఒండ్రు సముద్రంలోకి చాలా దూరం మేట వేసి ఉంటుంది. ఒడ్డు ఇంకా కనపడకముందే ఓడ అడుగు నేలకు తగులుతుంది.

1867 జూన్ 19న సరిగ్గా అదే జరిగింది. అమెరికా నౌకాదళానికి చెందిన సాక్రమెంటో అనే యుద్ధనౌక కాకినాడకు దక్షిణాన, గోదావరి మొగ దగ్గర మేటలో ఇరుక్కుని ధ్వంసమైంది. మనుషులంతా బతికి బయటపడ్డారు. కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ ఆషామాషీ నావికుడేం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, బ్రెజిల్ రేవులో లంగరేసి ఉన్న శత్రునౌక ఫ్లోరిడాను తటస్థ దేశమని కూడా చూడకుండా పట్టుకుపోయినవాడు. అంతటివాణ్ని గోదావరి ఇసుక ఆపేసింది. తర్వాత ఆయన సైనిక విచారణ ఎదుర్కొన్నాడు, ఆ మచ్చతోనే రియర్ అడ్మిరల్ కూడా అయ్యాడు. ఓడ పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ముందు ఇసుక మేటకి, ఆపైన కోరింగ మడ అడవుల ప్రాంతంలోని దీవికి, దాని మీది లైట్‌హౌస్‌కి అదే పేరు. తెలుగు నేల చివర అమెరికా పేరు నిలిచిందంటే కారణం ఒక ప్రమాదం!

లైట్‌హౌస్‌కి ఎత్తు ఒక్కటీ ఉంటే సరిపోదు. దీపం వెలుగు నాలుగు వైపులకీ చెదిరిపోతుంది. ఆకాశంలోకి పోయేదీ, కాళ్లకింద పడేదీ నావికుడికి దండగ. ఫ్రాన్స్‌కు చెందిన అగస్టిన్ ఫ్రెనెల్ ఈ చిక్కు విప్పాడు. వెలుగును సమాంతరంగా పంపాలంటే మందపాటి కటకం కావాలి. అంత పెద్ద గాజును పోత పోయడం కష్టం, మోయడం ఇంకా కష్టం. అయితే కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గరే కదా, మధ్యలో అంత మందం ఎందుకు అన్నాడాయన. వంపును మాత్రం ఉంచి, కటకాన్ని వలయాలు వలయాలుగా విడగొట్టి, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు అమర్చాడు. ఆ తరహా దీపం 1823లో ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో మొదటిసారి వెలిగింది. నాలుగేళ్లకే, 39 ఏళ్ల వయసులో ఫ్రెనెల్ క్షయతో పోయాడు.

కనిపించిన దీపం ఏ ఊరిదో ఎలా తెలుస్తుంది? మెరుపుల లెక్కను బట్టి. ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు మెరవాలన్నది ఒక్కో లైట్‌హౌస్‌కి ఒక్కో రకంగా నిర్ణయిస్తారు, ఆ వివరం నావికుల పుస్తకంలో ఉంటుంది. పాతరోజుల్లో టన్నుల బరువున్న గాజు కటకాన్ని పాదరసపు తొట్టిలో తేల్చి, వేలితో నెట్టినా కదిలేలా చేసేవారు. దాన్ని తిప్పేది కిందికి జారే బరువు. ఆ కాలపు ఘంటాఘర్ల గడియారాలు నడిచిందీ ఈ ఉపాయంతోనే. జారిన బరువును కాపలాదారు రాత్రంతా చక్రం తిప్పి పైకి లాగుతూ ఉండాలి. ఆ చాకిరీ తప్పించినవాళ్లలో స్వీడన్ ఇంజనీరు గుస్తావ్ దాలెన్ ఒకడు. పొద్దుపోగానే ఎసిటిలీన్ గ్యాసు దీపం దానంతట అదే వెలిగి, తెల్లవారితే ఆరిపోయే కవాటం చేశాడు. 1912లో నోబెల్ వచ్చింది, అదే ఏడు పేలుడులో చూపు పోయింది. ఇప్పుడు ఎల్‌ఈడీలు, సౌరఫలకాలు వచ్చాక కటకం తిప్పే పనే తగ్గింది.

యంత్రం ఎంత మారినా నేల మారడం మానలేదు. కాకినాడ రేవుకు గోడలా నిలిచిన హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్ల ఇసుక నాలుక, గత రెండు శతాబ్దాల్లో గోదావరి మేటతో పెరిగిందే. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరింగ, మేట వేసి రేవుగా చచ్చిపోయింది. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనడానికి కారణమైన ఊరు అది. ఇంకోపక్క ఉప్పాడను సముద్రం కోసేస్తోంది. ఇలాంటి తీరంలో లైట్‌హౌస్ ఉన్నచోటే ఉంటుంది గానీ దాని చుట్టూ ఉన్న లోతులు మాత్రం కొత్తగా కొలుస్తూనే ఉండాలి.

సాక్రమెంటో, హోప్ దీవుల ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎక్కువ వెలుగున్న దిగంతం వైపు పాకుతుంది. చీకటి రాత్రి అది సముద్రమే. ఒడ్డున బల్బులుంటే దారి తప్పుతుంది. ఇక్కడ ఫ్రెనెల్ లెక్క ఇంకో రకంగా పనికొస్తుంది. కటకం వెలుగునంతా దూరానికి విసురుతుంది కాబట్టి, దీపం కింద చీకటన్న మాట లైట్‌హౌస్ విషయంలో అక్షరాలా నిజం. తాబేలు పిల్లలకు ముప్పు ఆ పైదీపం కన్నా తీరం వెంబడి రాత్రంతా వెలిగే మామూలు లైట్ల నుంచే ఎక్కువ.