డ్యూడ్ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో బడికెళ్ళే పిల్లల్లో ఒక ప్రచారం ఉంది: 'డ్యూడ్' అంటే ఏనుగు వెనకభాగాన మొలిచే వెంట్రుక అని. ఎవడైనా డ్యూడ్ అనగానే ఈ అర్థం చెప్పి ఏడిపించడం వాళ్ళకో సరదా. ఇది వట్టి కట్టుకథ. అసలు కథ ఇంతకంటే బాగుంటుంది.

1883 జనవరిలో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో రాబర్ట్ సేల్ హిల్ అనే ఆయన డ్యూడ్‌ని వెక్కిరిస్తూ ఒక పద్యం అచ్చువేయించాడు. దాంతో ఆ మాట గుప్పుమంది. అప్పట్లో డ్యూడ్ అంటే బిగుతు పంట్లాము, ఎత్తు కాలరు, చేతికర్ర, తెచ్చిపెట్టుకున్న ఇంగ్లండు యాస. అచ్చం మన సోగ్గాడే, కాకపోతే కాస్త బుర్ర తక్కువ సోగ్గాడు. ఎవాండర్ బెర్రీ వాల్ అనే ధనవంతుడికి 'డ్యూడ్ల రాజు' అన్న బిరుదు కూడా దక్కింది.

మాట ఎక్కణ్ణుంచి ఊడిపడింది? బట్టలకు పాత పేరైన 'డడ్స్' నుంచి అని కొందరన్నారు. బారీ పోపిక్, జెరాల్డ్ కోహెన్ అనే పరిశోధకులు ఆనాటి పత్రికలు తిరగేసి, 'యాంకీ డూడిల్' పాటలోని డూడిల్ తోక తెగి డ్యూడ్ అయిందన్నారు. నాకూ ఇదే నమ్మబుద్ధవుతుంది. ఆ పాటలో డూడిల్ టోపీలో ఈక గుచ్చుకుని తానో పెద్ద షోకిలా అనుకునే బైతు మరి!

తరవాత ఈ పట్నపు సోగ్గాళ్ళు పడమటి రాష్ట్రాలకు వెళ్ళి, డబ్బిచ్చి మరీ కౌబాయ్ వేషం కట్టారు. వాళ్ళకు బస ఇచ్చిన చోట్లకి 'డ్యూడ్ రాంచ్' అని పేరు.

వెక్కిరింత కాస్తా పిలుపుగా మారింది వేరే వీధుల్లో. 1930లు, 40లలో జూట్ సూట్లు వేసుకుని తిరిగిన నల్లజాతి కుర్రాళ్ళు, మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళు సొగసుగా ఉండటం ఎగతాళి కాదు, గొప్ప అనుకున్నారు. ఒకరినొకరు డ్యూడ్ అనుకున్నారు. 1969 నాటి 'ఈజీ రైడర్' సినిమాలో ఒక పాత్ర మరొక పాత్రకు ఈ మాట అర్థం విడమరిచి చెప్పాల్సి వచ్చింది. కాలిఫోర్నియా అలల మీద తేలే కుర్రాళ్ళ నోట పడ్డాక ఆ అవసరం లేకపోయింది.

ఇంతవరకూ చరిత్ర. పేచీ మా ఇంట్లో ఉంది. మా వాడు నన్ను డ్యూడ్ అనడం విని, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అమ్మ "తండ్రిని పట్టుకుని ఒరేయ్ అంటాడేమిట్రా వీడు?" అని నన్ను నిలదీసింది.

"డ్యూడ్ అంటే ఒరేయ్ కాదమ్మా."

"మరి ఏమండీనా?"

ఏమండీ కూడా కాదు. స్కాట్ కీస్లింగ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 2004లో 'అమెరికన్ స్పీచ్' పత్రికలో ఈ ఒక్క మాట మీద పెద్ద వ్యాసమే రాశాడు. డ్యూడ్‌లో చనువుంది, కాని మరీ మీద పడేటంత దగ్గరతనం లేదు అంటాడాయన. అటువంటి పిలుపు తెలుగులో నాకు తట్టదు. మనం నోరు తెరిస్తే చాలు, ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేలిపోవాలి. కాలేజీ కుర్రాళ్ళు గురూ, బావా, మామా అనుకుంటారు. అవీ అరువు తెచ్చుకున్న వరసలే. పైగా నాన్నని గురూ అనే ధైర్యం మా రోజుల్లో ఎవడికుంది?

చివరికి ఒక రాజీకి వచ్చాం. ఇంగ్లీషు వాక్యంలో డ్యూడ్ చెల్లుతుంది, తెలుగు వాక్యంలో నాన్నా అనాల్సిందే. రెండూ కలిపేసినప్పుడే చిక్కు. "డ్యూడ్, కారు తాళాలెక్కడ..." దాకా వచ్చి, ఆ తరవాత 'పెట్టావ్' అనాలో 'పెట్టారు' అనాలో తేలక మా వాడు ఆగిపోతున్నాడు.