మెట్టు పుస్తకానికే... పిల్లలకు కాదు!

మీ అమ్మాయి బడి లైబ్రరీ నుంచి కథల పుస్తకం తెచ్చింది. మీరు ముందుగా ఏం చూస్తారు? బొమ్మలేగా! ఈసారి వెనక అట్ట కూడా తిప్పి చూడండి. ప్రథమ్ బుక్స్ వంటి సంస్థల పుస్తకాల మీద ఒకటి నుంచి నాలుగు వరకు ఏదో ఒక స్థాయి వేసి ఉంటుంది. చదవడం మొదలుపెట్టేవారికి ఒకటి, నేర్చుకుంటున్నవారికి రెండు, సొంతంగా చదివేవారికి మూడు, ధారాళంగా చదివేవారికి నాలుగు. కొన్ని బళ్లలో టీచర్లే రంగు చుక్కలు అంటిస్తారు.

ఎందుకీ గుర్తులు?

హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీది కట్టంగూర్ నే తీసుకోండి. ఇలాంటి చోట ఐదో తరగతి పిల్లలంతా ఒకేలా చదువుతారా? ఒకరు కథను గడగడా చదివేస్తే, ఇంకొకరు కూడబలుక్కుంటూ ఉంటారు. అందుకే 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా 'తొలిమెట్టు' మొదలుపెట్టింది. పిల్లలు ఎక్కడున్నారో చూసుకుని, అక్కడి నుంచి చదివించడమే దాని ఉద్దేశం. ఏ పుస్తకం ఎవరి చేతికివ్వాలో టీచరుకు తెలియడానికి స్థాయి గుర్తు పనికొస్తుంది.

తెలుగు మెట్లు వేరు

మన భాషలో పదం పొడవు కన్నా ఒత్తులే పిల్లలకు ఎక్కువ కష్టం. పలక, వల అనేవి తేలిక. తర్వాత చిలుక, కోడి వంటి గుణింతాలు. ఆ పైన పిల్లి, బిడ్డ. చివరగా పుస్తకం, చంద్రుడు. పేజీలో ఏవి ఎక్కువున్నాయో చూస్తే మెట్టు మీకే తెలిసిపోతుంది.

ఇంకో మాట. మనం ఇంట్లో ఆలుగడ్డ, మక్కలు అంటాం. పుస్తకంలో బంగాళాదుంప, మొక్కజొన్న అని ఉంటే పిల్ల ఆగిపోతుంది. అది చదువు రాక కాదు, ఆ మాట వినక. "మన ఆలుగడ్డే బిడ్డా" అంటే చాలు, కథ ముందుకు సాగుతుంది.

చిక్కంతా ఇక్కడే!

ఏడో తరగతి పిల్లాడు ఒకటో స్థాయి చుక్కున్న పుస్తకం పట్టుకుని నడుస్తుంటే తోటివాళ్లు ఊరుకుంటారా? "చిన్నపిల్లల బుక్కు" అని నవ్వుతారు. మర్నాటి నుంచి వాడు లైబ్రరీ వైపే పోడు. అమెరికాలోని స్కూలు లైబ్రేరియన్ల సంఘం 2011లో ఈ సంగతే చెప్పింది. పిల్లల చదువు స్థాయి అందరికీ కనబడేలా పుస్తకాల మీద గుర్తులు వేయవద్దంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న రంగనాథన్ గారు 1931లోనే తన అయిదు సూత్రాలలో, ప్రతి పాఠకుడికీ తగిన పుస్తకం దొరకాలన్నారు. తగినది వెతికివ్వడం వేరు, "నీకింతే" అని గీత గీయడం వేరు.

మీరేం చేయొచ్చు?

* పిల్లలను ఒక పేజీ చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ప్రస్తుతానికి బరువే. అయినా కావాలంటే లాక్కోకండి. మీరు చదివి వినిపించండి.

* మీకు చదవడం రాకపోయినా పర్వాలేదు. కూరగాయలు తరుగుతూ "కథ చెప్పు" అని అడగండి. సొంత మాటల్లో చెప్పగలిగితే అర్థమైనట్టే.

* "మీ అక్క నీ వయసులో నాలుగో స్థాయి చదివింది" అన్న మాట ఇంట్లో రానివ్వకండి.

* తేలిక పుస్తకాన్నే మళ్లీ మళ్లీ చదివినా కోప్పడకండి. వేగం అలాగే వస్తుంది.

* బడిలో తల్లిదండ్రుల మీటింగుకు వెళ్లినప్పుడు ఒక మాట వేయండి: "సార్, ఆ చుక్క అట్ట మీద కాకుండా లోపలి పేజీలో పెట్టరాదూ?" టీచరుకు కావాలంటే తెరిచి చూసుకుంటారు. పిల్లలకు కావలసింది కథ. అది వాళ్లనే ఏరుకోనివ్వండి.