మ్యూజియం సామాను సర్దేదెలా?

ఇంటికి బదిలీ ఉత్తర్వు రాగానే మనం మొదట చేసే పని సామాన్ల జాబితా రాయడం. ఏ పెట్టెలో ఏముందో పైన రాసుకుంటాం. క్వార్టర్ గోడకు మేకు కొట్టాలన్నా ఆలోచిస్తాం. మన తరువాత అది మరొకరి ఇల్లు కదా! పాత మ్యూజియాన్ని బాగుచేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాలి.

చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. అదే ఆవరణలో చిత్రకళా భవనం కూడా ఉంది. మన అమరావతి స్తూపం నుంచి తీసుకువెళ్లిన సున్నపురాతి శిల్పాలను ఆ మ్యూజియంలో చూడవచ్చు. 19వ శతాబ్దంలో వాటిని సిమెంటుతో గోడల్లో బిగించారు. అలా అయితే భద్రంగా ఉంటాయనుకున్నారు. కానీ గోడ చెమ్మ, లవణాలు రాతిలోకి చేరి దానిని దెబ్బతీశాయి. ఊడదీద్దామంటే రాయి పగిలే ప్రమాదం!

అందుకే ఈనాడు ప్రణాళిక వేసేవారు ముందుగా ప్రతి వస్తువుకూ నంబరు, ఫొటో, కొలతలు, ప్రస్తుత స్థితి నమోదు చేస్తారు. పని ముగిసేవరకు వాటిని ఎక్కడ దాచాలో నిర్ణయిస్తారు. వెలుతురును కూడా లెక్కవేస్తారు. నీటిరంగుల చిత్రాలకు సుమారు 50 లక్స్, తైలవర్ణ చిత్రాలకు సుమారు 200 లక్స్ చాలు. శిల్పాలను అవసరమైతే మళ్లీ తీయగలిగేలా స్టాండ్లపై నిలుపుతారు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ర్యాంపు కూడా ప్రణాళికలోనే ఉండాలి.

కొత్త ఊళ్లో మ్యూజియానికి వెళ్లినప్పుడు శిల్పం ముందు భాగంతో పాటు దాని వెనకవైపూ చూద్దాం. అది గోడలో ఇరుక్కుని ఉందా, స్టాండు మీద నిలబడి ఉందా? తరువాత వచ్చేవారి గురించి ఎంత ఆలోచించారో అక్కడే తెలుస్తుంది.