ఎక్కడ పెట్టితిని?

గత సంవత్సరము సార్వాకు పంటఋణము కోరినపుడు బ్యాంకువారు పొలపు హక్కుపత్రమగు 1-బి నకలు తెమ్మనగా, అది నా కంప్యూటరులోనే భద్రముగా నున్నదని ధైర్యముగా చెప్పి వచ్చి, ఇల్లు చేరి, కాళ్ళు కడుగుకొని, కళ్ళజోడు తుడుచుకొని కూర్చుండి, రెండు గంటలసేపు వెదకి, తుదకు విసిగి, మీభూమి అను ప్రభుత్వ జాలస్థలము నుండి ఆ పత్రమునే మరల దింపుకొంటిని. మఱునాడు వేఱొక పనిమీద డౌన్‌లోడ్స్ అను ఫోల్డరు తెఱవగా ఒకే పత్రము నాలుగు ప్రతులుగా, ఒకే పేరుతో, తోకకు 1, 2, 3 అను అంకెలు తగిలించుకొని వరుసగా నిలిచియున్నది. అనగా అంతకు మునుపు రెండు పర్యాయములు నేనిట్లే వెదకి, ఇట్లే విసిగి, ఇట్లే మరల దింపుకొంటినన్నమాట.

మా చిన్ననాట దివిసీమలో కరణముగారి యింట ఇట్టి అవస్థను మేమెన్నడును చూడలేదు. గోడకానించిన భోషాణపు మూత యెత్తి, ఎఱ్ఱగుడ్డలో కట్టిన దఫ్తరమొకటి వెలికి తీసి, ముడి విప్పి, రైతు సర్వే నంబరు చెప్పి ముగింపక మునుపే కావలసిన కాగితముమీద వ్రేలుంచి చూపగల నేర్పు ఆయనకుండెను. 1984లో ఆ వంశపారంపర్యపు పదవులు రద్దైనవి. వాటి గుణదోషముల జోలికి నేను పోను. కాని కాగితము దొరకలేదని ఆయన అనగా విన్నవారు మా యూర లేరు, దొరకలేదని చెప్పదలచుకొన్న దినములలో తప్ప. ఆ నేర్పులోని మర్మమేమనగా, ఏ ఫసలీ (రెవెన్యూ సంవత్సరపు) లెక్క ఆ ఫసలీ మూటలోనే యుండును. మూటకొక చీటీ యుండును.

కంప్యూటరులోనైనను ఉన్నవి ఈ మూటయు ఈ చీటీయునే. ఉత్తరము, ఛాయాచిత్రము, పాట, 1-బి నకలు, అన్నియు యంత్రము దృష్టిలో ఫైళ్ళే. ఫైళ్ళను చేర్చి కట్టిన మూట ఫోల్డరు. మూటలో మూట ఇమిడినట్లు ఫోల్డరులో ఫోల్డరు ఇముడును. 1981లో జీరాక్స్ సంస్థవారు స్టార్ అను యంత్రమును విడుదల చేసినపుడు, కచేరీ గుమాస్తా బల్లను, బల్లమీది అట్టలను తెఱపై బొమ్మలుగా నిలిపిరి. పరిచితమైన వస్తువు కంటబడినచో క్రొత్తవాని బెదురు తీరునని వారి యూహ. అట్ట నెన్నడును చేతబట్టక ఫోనునందే కన్ను తెఱచిన నేటి పిల్లలకు ఆ పోలిక అందదు గనుక, కృష్ణా డెల్టావారి కొఱకు వేఱొకటి చెప్పెదను. ప్రకాశం బ్యారేజి ఎడమ గట్టున బయలుదేరిన నీరు ఏలూరు కాలువగను, రైవస్ కాలువగను, బందరు కాలువగను చీలి, అవి శాఖలై, శాఖలు పిల్లకాలువలై, పిల్లకాలువలు బోదెలై, తుట్టతుద కొక రైతు మడిలోనికి చేరును. ఈ మడికి నీరెట్లు వచ్చుచున్నదని కాలువ లస్కరు నడిగినచో, అతడు తలతూము మొదలుకొని ఒక్కొక్క కాలువ పేరే వరుసగా చెప్పుకొని వచ్చును. ఫైలు చిరునామాయు అట్టిదే: డి డ్రైవు, అందులో పొలము, అందులో 2025, అందులో 1-బి. ఫోల్డరు తెఱచినపుడు కిటికీ పైభాగమున అడ్డముగా సాగిన పట్టీలో కనబడునది ఈ వరుసయే. క్రొత్తగా నేర్చువారు దానివంక కన్నెత్తి చూడరు. మడిలో నిలుచుండి కాలువ పేరు తెలియదందురు.

మనము వేఱుగా చెప్పనిచో, అంతర్జాలము నుండి దింపుకొన్నదానిని బ్రౌజరు డౌన్‌లోడ్స్‌లోనే పడవేయును. తొందరలో నున్నవాడు తక్కిన సమస్తమును డెస్క్‌టాప్‌మీద పఱచును. డెస్క్‌టాప్ వీధి యరుగువంటిది; వచ్చినవారు కొంతసేపు కూర్చుండుటకు తగునే గాని కాపురముండుటకు తగదు. వ్రాసినదానిని మొదటిసారి సేవ్ చేయబోవునపుడు తెఱచుకొను పెట్టె మనల నడుగునవి రెండే ప్రశ్నలు, ఎక్కడ ఉంచవలెను, ఏమని పిలువవలెను అని. దింపుకొనునపుడును ఆ రెంటికి జవాబీయకుండుటవలననే నా నాలుగు ప్రతుల కథ నడచినది.

పేరు పెట్టుటలో మొదటితరమువారు పడిన కష్టము మనకు లేదు. డాస్ కాలమున ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, చుక్క తరువాత మూడు. అంతకు మించి చోటు లేదు. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చుటతో ఆ సంకెల తెగి, 255 అక్షరముల వఱకు వ్రాసికొను స్వేచ్ఛ లభించినది. ఇంత స్వేచ్ఛ నిచ్చినను మనము పెట్టుచున్న పేర్లేవి? న్యూ డాక్యుమెంట్, ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్! పేరు పెట్టునాడు మన మనస్సులో విషయమంతయు నిండియుండుటచే ఏ పేరైనను చాలుననిపించును. ఆరు మాసముల పిమ్మట వెదకవచ్చువాడు మనమే యైనను వేఱొక మనిషి. వానికి ఆనాటి సంగతులు గుర్తుండవు. ఆ రాబోవు మనిషి నోట ఏ మాట ముందుగా వచ్చునో ఊహించి ఆ మాటను పేరులో చేర్చుటయే ఇందలి కళ. పొలము 1-బి, అమ్మ కంటి ఆపరేషను బిల్లు, కరెంటు మీటరు పేరు మార్పు అర్జీ: ఇవి పేర్లు.

తేదీ చేర్చుట మంచిదే గాని, మనము కాగితములమీద వ్రాయునట్లు వాలుగీతలతో వ్రాసినచో విండోస్ అంగీకరింపదు. ఆ గీతలను ఫోల్డరునకును ఫోల్డరునకును నడుమ గట్టుగా తన కొఱకు దాచుకొన్నది. ప్రశ్నార్థకమును, నక్షత్రపు గుర్తును అట్లే నిషిద్ధములు. సంవత్సరము ముందు, నెల పిమ్మట, దినము తుదను, నడుమ అడ్డగీతలతో 2025-08-14 అని వ్రాయుట ఉత్తమము. ఏలయనగా యంత్రము పేర్లను ఎడమనుండి పోల్చి పేర్చును. దినము ముందు వ్రాసినచో అన్ని సంవత్సరముల ఒకటవ తేదీలును ఒక్కచోట గుమిగూడును. పాత పేరు నచ్చనిచో ఫైలునెంచుకొని ఎఫ్2 మీట నొక్కి మార్చుకొనవచ్చును.

బెజవాడలో కాపురముండి, వెదకుటను గుఱించి వ్రాయుచు, గ్రంథాలయోద్యమమును తలపకుండుట నావలన కాదు. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన, ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు తొలిసారి సమావేశమైనది ఈ యూరనే. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడికిని కొల్లూరునకును నడుమ కాలువమీద పడవలో పుస్తకములు త్రిప్పిరి. మదరాసున ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో చదువరి కాలమును కాపాడుట యొకటి. వీరందఱి కృషిచేత మన తరమువారికి అలవడిన సంగతి యొకటున్నది: పుస్తకము బీరువాలో ఏదో యొక అరలోనే యుండగలదు గాని, దానికి సూచికలో కార్డులు ఎన్నియైన నుండవచ్చును; కర్త పేర నొకటి, గ్రంథనామమున నొకటి, విషయమున నొకటి. ఫోల్డరు అర, కంప్యూటరులోని సెర్చి ఆ కార్డుల పెట్టె. సెర్చి యుండగా ఫోల్డరులెందుకని మా మేనల్లుడు వాదించును. వాని వాదము సగము నిజమే. కార్డు చూచుటకు కనీసము ఒక మాటయైనను గుర్తుండవలెను గదా. ఏ మాటయు గుర్తులేని దినమున అరల నడుమ నడచిపోవుటే గతి.

సెర్చి ఎట్లు పనిచేయునో కొంత తెలిసికొన్నచో దానిపై కోపము తగ్గును. విండోస్ తీరికవేళలలో డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ మొదలగు స్థలములను తిరిగి చూచి, పేర్లనే కాక లోపలి మాటలను సైతము తన సూచికలో వ్రాసికొనును. అందుచే అక్కడివి తటాలున దొరకును. సాధారణముగా ఈ సూచికలో డి డ్రైవు చేరదు. మన రిపేరుదారులేమో, సీలో పెట్టవద్దండీ, ఫార్మాటు చేస్తే పోతాయి, డీలో పెట్టుకోండి అని రెండు దశాబ్దములుగా బోధించి, ఇంటింటి విలువైన పత్రములను డికి చేర్చిరి. అచ్చట సెర్చి అప్పటికప్పుడు ఒక్కొక్క ఫోల్డరును తట్టుకొనుచు పోవును. పైగా పేర్లను మాత్రమే చూచును, లోపల చూడదు. కావున ముందుగా, ఫలానా ఫోల్డరులో నుండవచ్చునని తోచిన దానిని తెఱచి, కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కి, పైన కుడివైపు గడిలో పేరులోని ఒక ముక్కను వ్రాయవలెను. మాట యేదియు స్ఫురింపనిచో ఫైళ్ళను పట్టికగా కనబడునట్లు చేసి, డేట్ మాడిఫైడ్ అను శీర్షికమీద నొక్కినచో క్రొత్తవి పైకి వచ్చును. నిన్నటి పని నిన్నటి తేదీ ప్రక్కన కనబడును.

తెలుగువారికి ఇందొక ప్రత్యేకమైన చిక్కున్నది. ఇంగ్లీషు పుస్తకములు దీనిని చెప్పవు. విజయవాడ తెలుగు ప్రచురణకు పుట్టినిల్లు కాకున్నను మెట్టినిల్లు; ఇచ్చటి డీటీపీ కేంద్రములలో ఏండ్లతరబడి పుస్తకములు, శుభలేఖలు, కరపత్రములు పేజ్‌మేకరులో ‘అను’ అను పేరుగల ఫాంట్లతో ఎక్కువగా కూర్పబడినవి. ఆ పద్ధతిలో మన కంటికి తెలుగు కనబడునే గాని యంత్రము దాచుకొనునది తెలుగు కాదు. ఇంగ్లీషు లిపికి కేటాయించిన సంకేతములనే దాచికొని, ఫాంటు వాటికి తెలుగు రూపమును తొడుగును. ఆ ఫాంటు లేని యంత్రములో తెఱచినచో వేషము జాఱి పిచ్చిగీతలు బయటపడును. అట్టి ఫైలులో కృష్ణవేణి అని వేయిమార్లున్నను, కృష్ణవేణి అని వెదకినచో ఒక్కటియు దొరకదు. 1991లోనే యూనికోడ్ మన లిపికి తనవైన స్థానముల నిచ్చినది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను ఫాంటుతో సహా వచ్చినది. యూనికోడులో వ్రాసిన తెలుగును యంత్రము తెలుగుగానే గుర్తించి వెదకిపెట్టును. పాత ఫాంట్లలో పనిచేయక తప్పనివారు కనీసము ఫైలు పేరునైనను యూనికోడు తెలుగులోనో ఇంగ్లీషులోనో విపులముగా వ్రాసికొనవలెను. యూనికోడులోనైనను మన వర్ణక్రమపు అలసత్వమును యంత్రము క్షమింపదు. అర్థమునకు మాఱుగా అర్ధము వ్రాసికొన్నచో అర్ధముగానే వెదకవలెను. బెజవాడయు విజయవాడయు దానికి రెండూళ్ళు.

ఎంత వెదకినను దొరకనిచో పొరపాటున తొలగించియుందుమేమో చూడవలెను; తొలగించినది రీసైకిల్ బిన్ అను బుట్టలో కొంతకాలముండును, తిరిగి తీసికొనవచ్చును. పెన్‌డ్రైవు నుండి తొలగించినదానికి ఆ బుట్ట లేదు.

డి డ్రైవు కథ ఇంకను మిగిలియున్నది. ఇండ్లలోని అనేక యంత్రములలో సి, డి అనునవి రెండు పెట్టెలు కావు; ఒకే డిస్కున గీచిన రెండు గదులు. ఫార్మాటు చేసినపుడు ఈ గోడ కాపాడునే గాని, డిస్కే పోయినపుడు రెండు గదులును కలిసి పోవును. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురము మునిగినపుడు, మఱునాటికి బ్యారేజి వద్ద పదునొకండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద సాగినపుడు, బల్లక్రింద నేలమీద నుండు సీపీయూ పెట్టె తడియుటకు ఎంత నీరు కావలెను? రెండవ ప్రతి వేఱొక డిస్కునందును, సాధ్యమైనచో వేఱొక యూరిలోను ఉండవలెనని ఆ వారములో మా వీధివారు కొందఱు నేర్చుకొనిరి.

వారిలో ఒకరు ముప్పదియేండ్లుగా అక్షరకూర్పు చేయుచున్న నా మిత్రులు. వారి యంత్రము రెండు దినములు నీటిలో నుండెను. అందు పోయిన పుస్తకములలో ఒకదాని రచయిత అవనిగడ్డలో నుండిరి. పాత పెన్‌డ్రైవు ఏదో బీరువాలో నున్నదని ఆయన చెప్పగా, బస్సెక్కి పోయి తెచ్చి, నా యింటి కంప్యూటరుకు తగిలించితిమి. అందులో నలువదికి పైగా ఫైళ్ళున్నవి. అన్నిటి పేరును అన్‌టైటిల్డ్, ప్రక్కన అంకెలు. “పేరు పెడదామనే అనుకున్నాను మాస్టారూ, అప్పుడు పెళ్ళిళ్ళ సీజను” అని మా మిత్రులు తలగోకికొనిరి. మొదటిదానిని తెఱవగా పిచ్చిగీతలు వచ్చినవి. ఫాంటు తెచ్చి ఎక్కించి, వరుసగా ఒక్కొక్కటే తెఱచుచు మూయుచు, నడుమ రెండుమార్లు కాఫీ త్రాగి, దీపాలవేళ కావచ్చుచుండగా ముప్పదియొకటవ ఫైలును తెఱచితిమి. తెఱమీద ముందుమాట కనబడినది. ఆయన మాట్లాడక కీబోర్డును తనవైపు జరుపుకొని, ఎఫ్2 నొక్కబోయి, ఫైలు తెఱచియున్నదని గుర్తువచ్చి, ముందు దానిని మూసిరి.