ఫుజీ కనిపించకపోయినా... ఐదు సరస్సులున్నాయ్!

ముందు నీలి సరస్సు, వెనక నెత్తిన మంచుతో ఫుజీ పర్వతం. జపాన్ అనగానే ఫోన్లో ముందు వచ్చే ఫొటో ఇదే. అది చూసి చాలామంది టోక్యో నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. చిక్కేంటంటే, 3,776 మీటర్ల ఆ కొండ మబ్బుల్లో దాక్కుందంటే ఎదురుగా నిలబడినా కనిపించదు. ఆఫీసు పని మీద టోక్యో వెళ్లిన నేను మూడు రోజులు సెలవు పెట్టి అక్కడికెళ్లా. మొదటి రెండు రోజులూ మబ్బే! అయినా ట్రిప్ వృథా కాలేదు. కారణం ఆ సరస్సులే.

ఫుజీకి ఉత్తరం వైపు ఉన్న ఈ ఐదింటి పేర్లు యమనక, కవగూచి, సై, షోజి, మోటోసు. జపనీస్‌లో 'కో' అంటే సరస్సు. అంటే మూడోదాన్ని 'సైకో' అనాలి. నవ్వకండి, పేరే అంత!

అగ్నిపర్వతం విడగొట్టింది

క్రీ.శ. 864లో ఫుజీ బద్దలైంది. లావా వచ్చి 'సెనోఉమి' అనే పెద్ద సరస్సులో పడి, దాన్ని చాలావరకు పూడ్చేసింది. మిగిలిన రెండు ముక్కలే ఇప్పటి సై, షోజి సరస్సులు. ఆ లావా రాళ్ల మీదే అవొకిగహర అడవి పెరిగింది. దాని పక్కన ఉన్న గుహల్లో ఎండాకాలం కూడా చలేస్తుంది. ఒకప్పుడు అక్కడ పట్టుపురుగుల గుడ్లు నిల్వ చేసేవారట. సై, షోజి, మోటోసు నీటిమట్టం ఇప్పటికీ ఒకటే, సుమారు 900 మీటర్ల ఎత్తు. నేల అడుగున మూడూ కలిసే ఉన్నాయంటారు.

చచ్చిపోయిందనుకున్న చేప

నాకు బాగా నచ్చిన కథ సై సరస్సుది. ఉత్తర జపాన్‌లోని తజవ సరస్సులో 'కునిమసు' అనే చేప ఉండేది. 1940లో జలవిద్యుత్ కోసం ఓ నది ఆమ్లపు నీళ్లు అందులోకి మళ్లించడంతో ఆ జాతి అంతరించిపోయిందనుకున్నారు. కానీ 1935లోనే దాని గుడ్లు కొన్ని సై సరస్సుకు పంపారు. 2010లో ఓ చిత్రకారుడు బొమ్మ వేయడానికి ఇక్కడి చేపలు తెప్పించుకుంటే, అవి కునిమసు అని తేలింది! డెబ్బై ఏళ్లు ఎవరికీ తెలియకుండా బతికేసిందన్నమాట.

నోటు మీద సరస్సు

మూడో రోజు మోటోసు ఒడ్డున మబ్బు విడిపోయి, ఓ ఇరవై నిమిషాలు ఫుజీ కనిపించింది. ఐదింట్లో లోతైనది ఇదే, 120 మీటర్లు పైనే. 2004లో వచ్చిన వెయ్యి యెన్ల నోటు వెనక ఉన్న బొమ్మ ఇక్కడిదే. సరిగ్గా అదే వ్యూ కావాలంటే ఒడ్డు నుంచి అరగంట కొండ ఎక్కాలి. అక్కడ రద్దీ తక్కువ.

రద్దీ అంతా కవగూచి దగ్గరే. ఓ దుకాణం వెనక ఫుజీ వచ్చేలా ఫొటో తీయాలని జనం రోడ్డుకు అడ్డంగా పరిగెత్తడం, చెత్త పడేయడం ఎక్కువైపోయి, 2024 మేలో ఊరివాళ్లు 20 మీటర్ల పొడవున నల్లటి తెర కట్టేశారు. సొంత కొండకు సొంత ఊరే పరదా వేయాల్సి వచ్చిందంటే ఎంత విసిగిపోయారో! మనమూ టూరిస్టులమే, ఆ విసుగులో మన వాటా ఉండకుండా చూసుకుందాం.

వెళ్లాలనుకుంటే...

• టోక్యోలోని షింజుకు నుంచి కవగూచికి బస్సులో రెండు గంటలు. అక్కడి నుంచి సై, మోటోసు వైపు లోకల్ బస్సులుంటాయి. మోటోసు రూట్‌లో సర్వీసులు తక్కువ, టైమింగ్స్ ముందే చూసుకోండి.

• కొండ కనిపించే ఛాన్స్ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్నే ఎక్కువ. గాలి లేకపోతే నీళ్లలో తలకిందుల ఫుజీ కూడా దొరుకుతుంది.

• గుమ్మడికాయ ముక్కలు వేసి చేసే 'హోతో' నూడుల్స్ ఇక్కడి స్పెషల్. శాకాహారులైతే ముందే అడగండి, పులుసులో తరచూ చేపల రసం కలుపుతారు.

• ఒక్క రాత్రైనా అక్కడే ఉండండి. మబ్బు ఎప్పుడు విడుతుందో మన చేతుల్లో లేదు. అది విడిచేదాకా చూడ్డానికి మాత్రం ఐదు సరస్సులున్నాయి.