పహణి వెనుక నున్న లెక్క

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాలలోని మన తల్లిదండ్రులకు పహణి యన నేమో వేరుగ చెప్ప నక్కరలేదు. ఇంట మాట్లాడునది తెలుగైనను, పొలమునకు ఆధారమైన ఆ పత్రము కన్నడమున నుండును. బ్యాంకులో అప్పు కావలెనన్నను, అన్నదమ్ములు భాగములు పంచుకొనవలెనన్నను దానినే అడుగుదురు. పూర్వము గ్రామ లెక్కాధికారి తన పుస్తకము చూచి చేతితో వ్రాసి యిచ్చెడివాడు. మన ప్రాంతము కోలారు జిల్లాలో నున్న దినములలోనే, 2000వ సంవత్సర ప్రాంతమున, కర్ణాటక ప్రభుత్వము ‘భూమి’ యను పథకము క్రింద ఆ లెక్కలను కంప్యూటరున కెక్కించెను. సుమారు 67 లక్షల రైతులకు చెందిన 2 కోట్ల పత్రములు తాలూకా కచ్చేరి కిటికీవద్ద, అప్పటి రుసుము 15 రూపాయలకు, లభింపసాగెను. చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనది తరువాత, 2007లో.

ఆ కిటికీ వెనుక జరుగు పని యెట్టిదని విద్యార్థులు మమ్ము తరచు అడుగుచుందురు. లెక్కలను పట్టికలుగా అమర్చి, ఒక పట్టికను మరియొకదానితో విలువలద్వారా కలుపు పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. అట్టి పట్టికల భాండారమే డేటాబేసు. పట్టికలతోపాటు, వానిపై చేయవలసిన పనుల క్రమమును గూడ ఆ భాండారముననే వ్రాసి యుంచవచ్చును. దీనికి స్టోర్డ్ ప్రొసీజరు అని పేరు. బాగేపల్లి కిటికీనుండి పిలిచినను, చింతామణి కిటికీనుండి పిలిచినను నడుచునది ఒకే క్రమము. కావున ఒకచోట సరిదిద్దిన అంతటను సరియగును. ఒకచోట తప్పిన అంతటను తప్పును.

మేము అభ్యాసమునకై ఒక లేని గ్రామమును కల్పించుకొని, అందు పొలము బదిలీ చేయు ప్రొసీజరు నొకదానిని వ్రాసితిమి. దానికి ఒరాకిల్ డేటాబేసును, ఖర్చు లేక లభించు ఎస్.క్యు.ఎల్. డెవలపర్ అను సాధనమును వాడితిమి. వ్రాయుట, కంపైలు చేయుట, నడుపుట, తప్పు వెదకుట అన్నియు అందొక్క చోటనే సాగును. వాక్యమున సెమికోలను మరచిన, కంపైలు చేయునప్పుడే దోషమున్నదని చూపును. అది వ్యాకరణ దోషము; దానితో చిక్కు లేదు. చిక్కంతయు అర్థ దోషముతోడనే.

2 ఎకరముల 10 గుంటలు గల రైతు 1 ఎకరము 30 గుంటలు విక్రయించినట్లు నడిపితిమి. ప్రొసీజరు ఏ మాటయు లేక ముగిసెను. మిగిలినది 80 గుంటలని చూపెను! మేము పంక్తులు చదువుచు తడవుకొనుచుండగా, వెనుక బల్లపై నున్న బాలిక యొకతె, ‘ఎనభై గుంటలంటే రెండెకరాలు కదండీ, అమ్మింది ఎక్కడికి పోయింది?’ అనెను. వారిది వేరుసెనగ పండించు కుటుంబము.

అప్పుడు డీబగ్గరును తెరచితిమి. ప్రొసీజరును మొదట ‘డీబగ్గుకై కంపైలు’ చేయవలెను. పిదప తీసివేత జరుగు పంక్తి ప్రక్క అంచున నొక్కిన ఎఱ్ఱని చుక్క పడును, అదియే బ్రేక్‌పాయింటు. నడిపినపుడు యంత్రము అచట నిలిచిపోయి, ఆ క్షణమున ఏ పేరులో ఏ విలువ యున్నదో క్రింద చూపును. ఒకదానిలో 2.10, వేరొకదానిలో 1.30 కనబడెను. ఒక్క అడుగు ముందునకు వేయించితిమి: 0.80. గుంటలను దశాంశములుగా నెంచుటయే దోషము. ఎకరమునకు గుంటలు నలుబది, నూరు కాదు. అంతయు గుంటలలోనే దాచిన, 90లో 70 పోగా 20 మిగులును. తప్పు మాది, యంత్రముది కాదు. కాగితముపై లేని ఎకరమున్నర ఆ రైతునకు చేరియుండెను. నిజమైన గ్రామమున నైనచో అది వ్యాజ్యమునకు చాలును.

రెండవ దోష మింతకన్న గూఢమైనది. కొనువాని ఖాతా సంఖ్యను పొరపాటున పట్టికలో లేనిదిగా ఇచ్చితిమి. అమ్మినవాని పొలము తగ్గెను, కొన్నవానికి చేరలేదు, ఫిర్యాదును రాలేదు. అడుగడుగున నడిపి చూడగా తెలిసిన దేమన, ఏ వరుసయు దొరకని మార్పును డేటాబేసు తప్పుగా నెంచదు. సున్న వరుసలు మారినవని ఊరకుండును. కావున ప్రతి మార్పు తరువాత ఎన్ని వరుసలు మారెనో పరీక్షించి, ఒకటి కానిచో జరిగినదంతయు రోల్‌బ్యాక్ చేయించితిమి. రెండును నెరవేరిననే కమిట్. ఎట్టి దోషము వచ్చినను ఊరకుండుమని వ్రాయు ఒక దురభ్యాసము కలదు. దానిని మేము విద్యార్థులకు ఖండితముగా నిషేధించినాము.

మరియొక మాట. డీబగ్గరులో యంత్రము నిలిచియున్నంతసేపు, అంతకుముందు మార్చిన వరుసలకు తాళము పడియుండును. వేరొకరు ఆ వరుసలను మార్చబోయిన వేచియుండవలసినదే. అందుచే ఈ శోధనను జనులు వాడు డేటాబేసుపై గాక, దాని నకలుపైననే చేయవలెను.

ఇప్పుడు మా ప్రొసీజరుకు పొలమంతయు అమ్మినట్లు, ఉన్నదానికన్న ఎక్కువ అమ్మినట్లు, సున్న గుంటలు అమ్మినట్లు, తనకు తానే అమ్ముకొన్నట్లు వరుసగా పరీక్షలు జరుగుచున్నవి. కడపటిది ఆ బాలిక సూచించినదే. దానికి ప్రొసీజరు ఇంకను సరియైన సమాధాన మీయలేదు.